టికెట్టు మీద పన్నెండు గంటలు

మా అమ్మాయి వాట్సాప్‌లో టికెట్లు పంపిన సాయంత్రం పక్కింటాయన గోడ అవతల నుంచి పలకరించారు. రైల్వేలో గార్డుగా పనిచేసి దిగిన మనిషి. ఏ ప్రయాణం మాట వచ్చినా ఆయన మొదట అడిగేది ఒకటే. "ఎన్ని గంటలు మాస్టారూ?"

కళ్ళద్దాలు సవరించుకుని ఫోనులో చూశాను. హైదరాబాద్‌లో బుధవారం రాత్రి 9.50కి బయలుదేరడం, డాలస్‌లో గురువారం ఉదయం 10.00కి దిగడం. "పన్నెండు గంటల పది నిమిషాలు" అన్నాను.

"అంతేనా? మన ఖమ్మం నుంచి తిరుపతికి రైల్లో ఇంచుమించు అంతే పడుతుందే!" అని ఆయన ఆశ్చర్యపోతూ లోపలికి వెళ్ళారు.

నేనూ లోపలికి వచ్చి మంచినీళ్ళు తాగుతుంటే అప్పుడు తట్టింది. ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి. పదిహేను డిగ్రీల రేఖాంశానికి ఒక గంట తేడా అని బోర్డు మీద ఎన్ని వందల సార్లు రాశానో లెక్కలేదు. నా సొంత టికెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠమే మరిచిపోయాను. మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళి చెప్పాలంటే మొహమాటం వేసింది. ఊరుకున్నాను. దాని ఫలితం ఆరు నెలల తర్వాత అనుభవించాను.

రాత్రి కాగితం తీసుకుని లెక్క కట్టాను. మన దేశపు గడియారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ గీత కాకినాడ దగ్గరగా వెళుతుంది. గ్రీనిచ్ కంటే మనం అయిదున్నర గంటలు ముందున్నాం. డాలస్ వేసవిలో గ్రీనిచ్ కంటే అయిదు గంటలు వెనక. అంటే మనకూ వాళ్ళకూ పదిన్నర గంటల తేడా. పడమటికి పోయేవాడికి టికెట్టులో కనిపించే సమయానికి ఆ తేడా కలపాలి. 12.10కి 10.30 కలిపితే 22 గంటల 40 నిమిషాలు. విడివిడిగా కూడితే కూడా సరిపోయింది: హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి 3.50, దుబాయ్‌లో పడిగాపులు 2.30, దుబాయ్ నుంచి డాలస్‌కి 16.20. ఆ చివరి అంకె చూసి మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "పదహారు గంటలు కూర్చునే ఉండాలా?" అని మాత్రం అడిగింది.

మరి దూరం ఎంత? పదవీ విరమణ నాడు పదో తరగతి పిల్లలు చందాలు వేసుకుని కొనిచ్చిన గ్లోబు ఒకటి బీరువా మీద ఉంది. దించి దుమ్ము తుడిచాను. వ్యాసం 30 సెంటీమీటర్లు. చుట్టుకొలత 94 చిల్లర. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు కాబట్టి గ్లోబు మీద ఒక సెంటీమీటరు 425 కిలోమీటర్లు. మా ఆవిడ పూలు కట్టే దారం తెచ్చి మొదట నాకు అలవాటైన దారిలో పరిచాను. గోడ పటంలో అమెరికాకు ఎప్పుడూ కర్రతో చూపించిన దారి అది: అరేబియా, ఆఫ్రికా ఉత్తర భాగం, అట్లాంటిక్, ఫ్లోరిడా పక్కగా టెక్సాస్. స్కేలు మీద పెడితే 42 సెంటీమీటర్లు. దాదాపు 17,800 కిలోమీటర్లు.

తర్వాత దారం రెండు కొసలూ హైదరాబాద్ మీదా డాలస్ మీదా వేళ్ళతో నొక్కిపట్టి బిగించి లాగాను. దారం ఆఫ్రికా మీద నిలవలేదు, జారి పైకి పోయింది. దాదాపు నిటారుగా ఢిల్లీ మీదుగా, కశ్మీరు మీదుగా, కజకిస్తాన్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి ఒక్క సెంటీమీటరు చిల్లర దూరంలోంచి వెళ్ళి, కెనడాలో హడ్సన్ అఖాతం పడమటి ఒడ్డున దిగి, సూటిగా టెక్సాస్‌కి వచ్చింది. కొలిస్తే 34 సెంటీమీటర్లు, అంటే సుమారు 14,400 కిలోమీటర్లు. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పున ఉంటే డాలస్ 97 డిగ్రీల పడమర. కలిపితే 175. భూగోళానికి సరిగ్గా అవతలి పక్క రేఖాంశం రావాలంటే ఇంకో అయిదు డిగ్రీలే తక్కువ. అందుకే అమెరికాకు దగ్గర దారి పడమర కాదు, ఉత్తరం. ముప్ఫై రెండేళ్ళ పాటు కర్రతో చూపించిన దారి తప్పని అరవై ఆరో ఏట దారప్పోగు చెప్పింది. ఆ పిల్లల్లో సగం మంది ఇప్పుడు అమెరికాలోనే ఉన్నారు. ఎలా వెళ్ళారో వాళ్ళకే తెలియాలి.

అంత సూటి దారి ఉండగా దుబాయ్ ఎందుకని అల్లుడు గారిని ఫోనులో అడిగాను. హైదరాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా వెళ్ళే విమానం లేదన్నారు. విమానానికి అంత దూరం పోయే సత్తా లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు దాదాపు పంతొమ్మిది గంటల్లో ఆగకుండా ఎగిరే విమానాలున్నాయి. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం ఒకటి శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు ఆగకుండా వచ్చింది. కెప్టెన్ జోయా అగర్వాల్‌తో సహా నడిపినవాళ్ళందరూ మహిళలే. ఆ నెలలోనే హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం మొదలైంది కానీ తర్వాత ఆగిపోయింది. కారణాలు మాత్రం దారం చెప్పేవి కావు. హిమాలయాల వంటి ఎత్తయిన కొండల మీద విమానంలో గాలి ఒత్తిడి పడిపోతే కిందికి దిగే చోటుండదు. ధ్రువం దగ్గర అత్యవసరంగా దిగడానికి విమానాశ్రయాలు తక్కువ. అక్కడి చలికి ఇంధనం గడ్డకట్టకుండా చూసుకోవాలి. వీటన్నిటికీ పైన ఏ దేశం ఎవరిని తన ఆకాశంలోకి రానిస్తుందన్న పేచీ ఉంది.

దుబాయ్ మీదుగా పోతే ఎంత చుట్టో కూడా కొలిచాను. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550, అక్కణ్ణుంచి డాలస్ 12,900. మొత్తం 15,450. సూటి దారికంటే వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. ఇంత పెద్ద ప్రయాణంలో అది పెద్ద చుట్టు కాదు. దుబాయ్ మనకు పక్కకు పడుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. గ్లోబు మీద చూస్తే అది దాదాపు దారిలోనే ఉంది.

ఇక మా ఆవిడ సమస్య వేరు. ఆవిడకు థైరాయిడ్ మాత్ర రోజూ ఉదయం ఆరింటికి పరగడుపున వేసుకోవాలి. "ఆ ఆరు ఏ ఊరి ఆరు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. డాక్టరు గారిని అడిగితే, ప్రయాణమంతా మన ఊరి గడియారమే చూసుకోండి, అక్కడికి చేరాక వాళ్ళ ఉదయానికి మారండి, ఈ మాత్రకు ఫరవాలేదు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళయితే లెక్క వేరు, ముందే వచ్చి మాట్లాడాలి అన్నారు. అందుకని నేను పొద్దున్నే కీ ఇచ్చుకునే నా పాత హెచ్‌ఎంటీ గడియారాన్ని మన సమయంలోనే ఉంచాలని నిర్ణయించాం. ఫోను ఎక్కడికక్కడ మారినా సరే, చేతిది మారదు.

మే రెండో వారం, బుధవారం. పదకొండున్నరకు ఇంటికి తాళం వేశాం. ఎండ నలభై మూడు. కారు అద్దాలు ముట్టుకుంటే చురుక్కుమంటున్నాయి. సూర్యాపేటలో భోజనం చేశాం. పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ రింగు రోడ్డెక్కి శంషాబాద్ చేరేసరికి అయిదు. రింగు రోడ్డుతో కలిపి రెండు వందల కిలోమీటర్లు దాటిన దారి, మధ్యలో తిండి, అన్నీ కలిపి అయిదున్నర గంటలు. దుబాయ్‌కి దానికి పదింతలకు పైగా దూరం, పట్టింది నాలుగు గంటల లోపు. పెట్టెల తూకం, పచ్చళ్ళ సీసాలకు చుట్టిన చుట్లు, లోపల కూర్చుని ఎదురుచూడటం అందరికీ తెలిసినవే. అవి వదిలేస్తాను.

దుబాయ్‌లో దిగేటప్పటికి అక్కడ అర్ధరాత్రి దాటి పది నిమిషాలు. నా గడియారంలో 1.40. రెండున్నర గంటల వ్యవధి ఎక్కువేమో అనుకున్నాను. కానీ నడక, చిన్న రైలు, మళ్ళీ తనిఖీ, మళ్ళీ నడక, వీటితోనే గంటన్నర పోయింది. నాలాంటి వయసువాళ్ళు రెండు గంటలకు తక్కువ వ్యవధి ఉన్న టికెట్టు తీసుకోకపోవడమే మంచిది. డాలస్ గేటు దగ్గరికి చేరగానే దారి తప్పలేదని తెలిసిపోయింది. "వదినా, ఆ సంచీ ఇటివ్వండి", "మీదే ఊరండీ, మాది తెనాలి" అనే మాటలే నాలుగు వైపులా. చక్రాల కుర్చీల వరుసలో కూర్చున్నవాళ్ళలో చాలా మంది మనవాళ్ళే. కూతురి పురుడుకో, కోడలి పురుడుకో వెళుతున్నవాళ్ళు.

విమానం లేచిన గంటకు పళ్ళేలు తెచ్చారు. దుబాయ్‌లో తెల్లవారుజాము నాలుగవుతోంది. "ఇది రాత్రి భోజనమా, పొద్దుటి ఫలహారమా?" అని మా ఆవిడ అన్నం, పప్పు వైపు చూస్తూ అడిగింది. నేను మణికట్టు చూపించాను. మన ఊళ్ళో అయిదున్నర. మాత్ర ఇంకో అరగంటకు. వేసుకున్నాక మరో అరగంట ఏమీ తినకూడదు. ఆవిడ పళ్ళెం మీది రేకు మూత మళ్ళీ మూసి, బల్ల మీద అలాగే పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. విమాన పరిచారిక రెండు సార్లు వచ్చి, తినలేదేమని సైగ చేసింది. మూడోసారి పళ్ళెం తీసుకుపోబోతే మా ఆవిడ గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. ఆరింటికి మాత్ర, ఆరున్నరకు చల్లారిన పప్పన్నం. దీపాలార్పిన విమానంలో తింటున్నది ఆవిడ ఒక్కతే.

నాకు నిద్ర పట్టలేదు. ఎదురు తెరలో విమానం బొమ్మ పడమటికి కాక ఉత్తర వాయవ్యంగా పోతోంది. అది చూసి నా దారం గుర్తొచ్చి సంతోషం వేసింది. మా సీట్లు కుడి పక్క. కిటికీ తెరలన్నీ దించెయ్యమన్నారు కానీ, నేను కింద రెండు వేళ్ళ సందు ఉంచుకున్నాను. నా గడియారంలో ఏడు దాటాక ఆ సందులో ఎర్రటి గీత కనిపించింది. ఎనిమిదిన్నరకు సూర్యుడు బాగా పైకి వచ్చాడు. చెయ్యి చాచి పిడికిలి బిగించి పట్టుకుంటే ఆ పిడికిలి మందం ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. పిల్లలకు నేను నేర్పిన కొలత ఇది. సూర్యుడు అంచు మీద ఒక పిడికిలి ఎత్తులో ఉన్నాడు.

పదింటికి చూశాను. అదే పిడికిలి, మహా అయితే పైన రెండు వేళ్ళు. పదకొండున్నరకు చూశాను. అంతే. ఒంటిగంటకు చూశాను. ఇంకా అంతే. కింద ఆకుపచ్చ నేల పోయి సముద్రం వచ్చింది, సముద్రం పోయి గ్రీన్‌లాండ్ వచ్చింది, మంచు తప్ప ఏమీ లేని తెలుపులో నల్లటి కొండకొనలు పొడుచుకొచ్చాయి. సూర్యుడు మాత్రం కిటికీలో కొంచెం వెనక్కి జరిగాడే తప్ప పైకి రాలేదు. మొదట నా కళ్ళనే అనుమానించాను. తర్వాత తెర మీది అక్షాంశం చూసి, చేతి రుమాలు కాగితం మీద లెక్క వేశాను. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతుంది. 65 డిగ్రీల దగ్గర ఆ చుట్టు చిన్నదై వేగం 700కు తగ్గుతుంది. మా విమానం గంటకు 850 దాకా పోతోంది. నేల ఎంత వేగంగా తూర్పుకు తిరుగుతోందో మేము ఇంచుమించు అంతే వేగంగా పడమటికి పోతున్నాం. అంటే కింద ఏ ఊరున్నా ఆ ఊరి సూర్యుడి ప్రకారం ఉదయం అయిదే అవుతోంది. బాల్టిక్ పక్క అయిదు, నార్వేలో అయిదు, ఐస్‌లాండ్‌లో అయిదు, గ్రీన్‌లాండ్‌లో అయిదు. నాలుగున్నర గంటల పాటు అదే అయిదు.

ఇది ఎవరికైనా చెప్పాలనిపించింది. మా ఆవిడ నిద్రలో ఉంది. అవతలి సీటు కుర్రవాడు సినిమా చూస్తున్నాడు. గ్లోబు పట్టుకుని బల్బు చుట్టూ తిప్పిన నా తరగతి గదులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఏ ఒక్క ఏడాదీ ఈ ఉదాహరణ చెప్పలేదు, ఎందుకంటే నాకే తెలియదు.

కెనడా మీద దక్షిణానికి మళ్ళాక సూర్యుడు మళ్ళీ మామూలుగా ఎక్కడం మొదలుపెట్టాడు. చివరి మూడు గంటలు మాత్రం చాలా కష్టం. మోకాళ్ళు బిగుసుకుపోయాయి. గంటకోసారి లేచి వెనక వంటగది దాకా నడిచి రమ్మని అల్లుడు గారు చెప్పింది ముందు నుంచీ పాటించి ఉంటే బాగుండేది, కిటికీ పిచ్చిలో పడి మానేశాను. పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. 12,900 కిలోమీటర్లను పదహారు గంటల ఇరవై నిమిషాలతో భాగిస్తే సగటు వేగం గంటకు 790. ఆ లెక్క వేయడానికి మాత్రం ఓపిక మిగిలింది.

డాలస్‌లో పది గంటలకు దిగాం. అధికారి ఎన్నాళ్ళుంటారు, ఎందుకు వచ్చారు అని రెండే ప్రశ్నలు అడిగారు. వరుసే గంట పట్టింది. పెట్టెలు తీసుకుని, అమ్మాయి కారెక్కి ఫ్రిస్కోలో వాళ్ళింటి గడప దాటేసరికి మిట్ట మధ్యాహ్నం పన్నెండు. నా హెచ్‌ఎంటీలో రాత్రి పదిన్నర. ఖమ్మంలో తాళం వేసింది ముందు రోజు పదకొండున్నరకు. ముప్ఫై అయిదు గంటలు. టికెట్టు పన్నెండు చెప్పింది, లెక్క ఇరవై రెండు ముప్పావు చెప్పింది, ఒళ్ళు మాత్రం ముప్ఫై అయిదూ లెక్కపెట్టుకుంది.

మొదటి వారం సాయంత్రం నాలుగింటికి కళ్ళు మూతలు పడేవి, రాత్రి ఒంటిగంటకు తెరుచుకునేవి. ఎండలో నడవమని అందరూ అన్నారు, నడిచాం, తొమ్మిదో రోజుకు కుదుటపడ్డాం. జూన్‌లో మనవడు పుట్టాడు. వాడికి రాత్రీ పగలూ తేడా లేదు కాబట్టి మాకూ వాడికీ బాగా కుదిరింది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నారు. ఫోన్లు వాటంతటవే మారాయి, వంటగదిలో పొయ్యి మీది గడియారం నేనే తిప్పాను. మనకూ వాళ్ళకూ తేడా పదకొండున్నర అయింది. ఆ వచ్చే శనివారమే మా తిరుగు ప్రయాణం.

పొద్దున 11.30కి డాలస్‌లో ఎక్కాం. ఈసారి వెనక నుంచి తోసే గాలి వల్ల దుబాయ్‌కి పద్నాలుగు గంటల నలభై నిమిషాలే. వెళ్ళేటప్పటి కంటే గంటా నలభై నిమిషాలు తక్కువ. కానీ ఈసారి సూర్యుడు మాకు ఎదురు వచ్చాడు. ఎక్కిన నాలుగైదు గంటలకే చీకటి పడింది, భోజనం అరగక ముందే రాత్రి అయిపోయింది. శంషాబాద్‌లో దిగేసరికి ఆదివారం రాత్రి 8.15. నా గడియారం, ఎదురుగా గోడ గడియారం రెండూ 8.15 చూపిస్తున్నాయి. ఆరు నెలల్లో దానికి కీ ఇవ్వడం తప్ప ముల్లు తిప్పలేదు.

మర్నాడు పక్కింటాయన గోడ దగ్గరికి వచ్చారు. ఎప్పుడెక్కారు, ఎప్పుడు దిగారు అని అడిగి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. "శనివారం పదకొండున్నర నుంచి ఆదివారం ఎనిమిదింపావు. ముప్ఫై మూడు గంటలకు పావు తక్కువ. మరి వెళ్ళేటప్పుడు పన్నెండన్నారే మాస్టారూ! తిరుగు విమానం ఎక్కడైనా లూప్ లైనులో ఆపారా?"

ఆరు నెలల కిందట గోడ దగ్గరికి మళ్ళీ వెళ్ళి చెప్పనందుకు ఇప్పుడు మొత్తం చెప్పాల్సి వచ్చింది. వచ్చేటప్పుడు తేడా తీసెయ్యాలి, 32.45 లోంచి 11.30 పోతే 21.15 అన్నాను. ఆయన నమ్మలేదు. గ్లోబు తెచ్చాను, దారం తెచ్చాను. దారం పైకి జారి ధ్రువం దగ్గరికి పోవడం చూసి, "ఇది బిగించి లాగడంలో ఏదో మోసం ఉంది" అన్నారు. ఆయన్నే లాగమన్నాను. మూడుసార్లు లాగారు. మూడోసారి ఢిల్లీ మీద వేలు పెట్టి, "అయితే ఇది మన గ్రాండ్ ట్రంక్ లైనే కదా!" అన్నారు.

ఈ రాత్రి రెండింటికి ఇద్దరికీ మెలకువ వచ్చింది. మా ఆవిడ టీ పెట్టింది. అమ్మాయికి ఫోను చేస్తే అక్కడ మధ్యాహ్నం రెండున్నర. మనవడు ఇప్పుడే నిద్రపోయాడట, మెల్లగా మాట్లాడమంది.